రంగు మారని నెత్తురు

నరిన్ లోయలో బురుల్ పేరు తెలియని ఇల్లు లేదు, ఆమె రావాలని కోరుకునే ఇల్లూ లేదు. ఆమె శవపరీక్ష చేసే డాక్టరు. పిల్లల డాక్టరవుదామనే చదువు మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే మేనత్త నదిలో శవమై తేలితే, కాలు జారిందని చెప్పి సాయంత్రానికల్లా పాతిపెట్టేశారు. జారిందో, ఎవరైనా తోశారో ఇక తేలలేదు. ఆ తేలకపోవడం భరించలేకే బురుల్ ఈ పనిలోకి వచ్చింది.

ఆ జనవరి ఉదయం మార్చురీ ముందు మంచులో మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. లోపల బల్ల మీద గొర్రెల కాపరి జుమాష్. తెల్లారేసరికి పొయ్యి పక్కన బోర్లా పడి ఉన్నాడు, నుదురు చీలి ఉంది. ముందురోజు అన్న కొడుకు తోల్కున్ వచ్చి, మేత బీడు విషయంలో గొడవపడి, "నీ అంతు చూస్తా" అని అరిచి వెళ్లడం వీధంతా విన్నది. ఇప్పుడు తోల్కున్ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు.

జుమాష్ కొడుకు కెనెష్ తలుపు తోసుకుని వచ్చాడు.

"అక్కా, నాన్నను కొయ్యొద్దు. పొద్దు వాలకముందే మట్టి చెయ్యాలి. చంపిందెవడో మాకు తెలుసు."

"అంత తెలిస్తే ఇక్కడికెందుకు తెచ్చారు తమ్ముడూ? బయట కూర్చో."

"మీరు తేల్చకపోతే మేమే తేల్చుకుంటాం. స్టేషన్ తలుపు ఎంత గట్టిదో చూస్తాం!"

పోలీసు అధికారి ఇమానాలి అతన్ని బయటికి పంపి, గొంతు తగ్గించాడు. "డాక్టర్‌గారూ, వీళ్లు మీద పడితే ఆపడానికి నా దగ్గర మనుషుల్లేరు. గుండె ఆగిందని రాసెయ్యరాదూ?"

"ఆగని గుండెతో ఎవరైనా చస్తారా?" అని బురుల్ చేతి తొడుగులు వేసుకుంది.

నుదుటి గాయం చుట్టూ వాపు ఉంది. అంటే, దెబ్బ తగిలేటప్పటికి ప్రాణం ఉంది. కానీ పుర్రె చిట్లలేదు, లోపల నెత్తురు చేరలేదు. చేతుల మీద పెనుగులాట గుర్తుల్లేవు. మెడ కండరాలు శుభ్రంగా ఉన్నాయి. గుండె మాత్రం ముసలి గుండె, నాళాలు పూడుకుపోయి ఉన్నాయి. ఇమానాలి అడిగింది రాయడానికి అది చాలు. ఆమె చెయ్యి మాత్రం కదలలేదు. ఛాతీ మీద, చనిపోయాక నెత్తురు దిగిన మచ్చలు కమిలిన రంగులో ఉండాల్సింది, లేత గులాబీగా ఉన్నాయి. చలిలో ఉంచిన శవం కూడా అలా మారుతుంది. జుమాష్‌ను తెచ్చింది మంచులో, పైకప్పు లేని బండిలో.

బయట కేకలు పెరిగాయి. ఎవరో గోడను తన్నారు.

జుమాష్ నెత్తురు చుక్కలు ఒక గాజుగొట్టంలో నీళ్లలో కలిపింది. తన వేలు పొడుచుకుని, తన నెత్తురు ఇంకో గొట్టంలో వేసింది. రెండింట్లోనూ క్షారం పోసింది. ఆమె నెత్తురు గోధుమరంగుకు తిరిగింది. జుమాష్‌ది గులాబీగానే ఉండిపోయింది.

బొగ్గు పొయ్యి విషవాయువు.

బురుల్ ఆ తొడుగులతోనే బయటికి పరుగెత్తింది. "కెనెష్, రాత్రి మీ అమ్మ ఎక్కడ పడుకుంది?"

"మా అక్కవాళ్లింట్లో. ఎందుకు?"

"ఇప్పుడెక్కడుంది?"

"మా ఇంట్లోనే. ఆడవాళ్లంతా కూర్చుని ఏడుస్తున్నారు."

"పొయ్యి వెలిగించారా?"

"ఈ చలిలో వెలిగించకుండా ఉంటారా? అమ్మకు వాంతులు కూడా అయ్యాయి, ఏడ్చి ఏడ్చి..." అంటూ బురుల్ ముఖం చూసి ఆగిపోయాడు.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇమానాలి జీపు మంచు మీద పక్కలకు జారుతూ పోయింది. చావు ఇంటి ముందు ఏడుపు వినపడాలి. వినపడలేదు.

కెనెష్ భుజంతో కిటికీ పగలగొట్టాడు. తల్లి సైరా గోడకు ఒరిగిపోయి ఉంది, పక్కన మిగతా ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు వాలిపోయి ఉన్నారు. అందరినీ మంచులోకి ఈడ్చుకొచ్చారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే కళ్లు తెరిచారు, సైరా మాత్రం చాలాసేపటికి గానీ దగ్గలేదు. ఆ దగ్గు వినగానే కెనెష్ తన కోటు విప్పి తల్లికి కప్పాడు.

"పొయ్యి పొగగొట్టం ఎవరైనా విప్పారేమో?" అన్నాడు ఇమానాలి.

బురుల్ ఆ గొట్టానికి అడ్డంగా ఉన్న బీరువా జరిపి చూసింది. అతుకు తుప్పుపట్టి ఊడిపోయింది. ఆ వెనక గోడకు పాత మసి దళసరిగా పేరుకుని ఉంది. "మనిషి చెయ్యి కాదిది. ఎప్పటినుంచో కొంచెం కొంచెంగా కారుతోంది. నిన్న పూర్తిగా ఊడింది. ఆయన తల తిరిగి, నుదురు పొయ్యికి కొట్టుకుని పడ్డాడు."

పొద్దు వాలకముందే జుమాష్‌ను మట్టిలో పెట్టారు. స్టేషన్ నుంచి తోల్కున్ తిన్నగా అక్కడికే వచ్చి, దూరంగా నిలబడ్డాడు. కెనెష్ క్షమించమనలేదు. చేతిలోని పార అతని వైపు చాచి, "రా, నువ్వూ మట్టి వెయ్యి. నీ బాబాయే కదా" అన్నాడు.