రెండోసారి వండిన పప్పు

సర్కారు గోదాములో ముప్పైమూడేళ్లు పనిచేసి 2008లో రిటైరయ్యాను. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడే అది. ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఆ ఆరు నెలల డైరీ నా భార్య ఒకసారి తిరగేసి, "ఇదేం డైరీ, ఒక్క పేజీకే నకళ్లు తీసినట్టున్నది" అంది. పొద్దున నడక, పేపరు, మందులు తప్ప అందులో మరేమీ లేదు. మరుసటి ఏడు విమానాశ్రయం దారిలో కొత్తగా పెట్టిన ఒక హోటల్ వాళ్లకు స్టోర్స్ చూసుకునే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. యూరియా బస్తాలు దింపించుకున్నవాణ్ణి పప్పు, నెయ్యి, సబ్బు, చీపుర్లు ఇచ్చే కిటికీ వెనక కూర్చున్నాను. ఆ హోటల్లో అందరికంటే కొత్తవాణ్ణీ నేనే, అందరికంటే పెద్దవాణ్ణీ నేనే.

హోటల్ పనిలో ఉండే మెట్ల వరుస నాకు అక్కడే తెలిసింది. గిన్నెలు తోమేవాళ్లు అందరికంటే కింద. కూరగాయలు తరిగేవాళ్లు ఒక మెట్టు పైన. పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు తెల్లకోటు. గోదాములో మమ్మల్ని పైకి ఎక్కించేది సీనియారిటీ జాబితా; వరుస వచ్చేదాకా కూర్చోవడమే మా పని. ఇక్కడ అడగాలి, చేసి చూపించాలి. అట్లా అడిగిన మనుషుల్లో నేను దగ్గరి నుంచి చూసింది గిన్నెలు తోమే ఒకామెను.

ఆమెది తొండుపల్లి. అప్పటికి ముప్పైఅయిదేళ్లుంటాయి. కంది, జొన్న వేసుకునే భూమి పోయాక భర్త ఒక గోదాములో సామాను ఎత్తే పనిలో, ఆమె హోటల్లో చేరారు. గిన్నెలు తోమే పీచు, సబ్బు కోసం నా కిటికీ దగ్గరికి వచ్చేది. పాత పీచు తెచ్చి చూపిస్తే గాని కొత్తది ఇవ్వకూడదని నేను పెట్టిన నియమం. అందరూ దానికి విసుక్కునేవాళ్లు, మురికి ముద్దను బల్ల మీద విసిరేసేవాళ్లు. ఆమె మాత్రం పాతదాన్ని కడిగి, ఆరబెట్టి తెచ్చేది.

"పారేసేదాన్ని కడగడం ఎందుకమ్మా?" అని అడిగాను.

"పారేసేటోళ్ల చేతికి ఇయ్యాలె గద సారూ" అంది.

2010 వానాకాలంలో స్టాఫ్ క్యాంటీన్‌లో వండే అతను జ్వరంతో రాలేదు. నూట ఇరవై మంది సిబ్బందికి మధ్యాహ్నం భోజనం కావాలి. ఎవరూ దొరక్కపోతే ఆమె చేతులు తుడుచుకొని ముందుకు వచ్చింది. ఆ రోజు పప్పుచారు, బెండకాయ వేపుడు. విమానాశ్రయానికి కార్లు నడిపే డ్రైవర్లు మూడోసారి అన్నం వడ్డించుకోవడం నేను చూశాను. జ్వరం తగ్గి తిరిగొచ్చిన వంటమనిషి పదిహేను రోజులకు మరో చోటికి వెళ్లిపోయాడు. క్యాంటీన్ పొయ్యి ఆమెకు మిగిలింది. కోటు మాత్రం రాలేదు. గిన్నెల దగ్గర కట్టుకునే నీలం ఆప్రాన్‌తోనే వండేది.

కొన్నాళ్లకు పెద్ద చెఫ్ క్యాంటీన్‌లో తినడానికి వచ్చాడు. గోదావరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు, కానీ వంటగదిలో అందరికీ అతనంటే భయం. పప్పు రెండు ముద్దలు తిని ఆమెను పిలిచాడు.

"చాలా బాగుందమ్మా. ఉప్పు చూశారా?"

"చూసిన సార్."

"ఎప్పుడు?"

"ఏసేటప్పుడు. కండ్లతోటి."

పక్క బల్ల మీద ఉన్నవాళ్లు నవ్వారు. చెఫ్ నవ్వలేదు. "నోట్లో వేసుకుని చూడలేదా?"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "పొయ్యి మీద ఉండంగనే నోట్లేసుకుంటే ఎంగిలి గాదా సార్? నూరుమందికి ఎట్ల పెట్టాలె?"

రుచి చూడని మనిషిని అతిథులకు వండే పై వంటగదిలోకి తీసుకోలేనని చెఫ్ అప్పుడే చెప్పేశాడు. కోపంగా కాదు, మామూలుగా చెప్పాడు. ఒక రోజు కందిపప్పు పాతది వస్తుంది, మరో రోజు ఉప్పు మరో రకం వస్తుంది, కళ్లు మోసపోతాయి, నాలుక మోసపోదు అన్నాడు. ఆ మధ్యాహ్నం తర్వాత వారం రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని నా డైరీలో ఉంది.

ఎనిమిదో రోజున చెఫ్ సంతకంతో చీటీ తెచ్చి నా కిటికీలో పెట్టింది. చిన్న స్టీలు గిన్నెలు రెండు, చెంచాలు ఆరు.

"ఇప్పుడు రుచి చూస్తున్నావా?"

"జర చూస్త సారూ. నా ఎంగిలి నా గిన్నెలనే ఉంటది. కుండదాకా పోనియ్య."

ఆమె పద్ధతి చూడదగ్గది. పెద్ద గరిటెతో పప్పు తీసి, గరిటె తగలకుండా జానెడు ఎత్తు నుంచి చిన్న గిన్నెలోకి వదిలేది. అందులోంచి చెంచాతో తీసుకొని, గోడవైపు తిరిగి, నలుగురిలో తప్పు చేస్తున్నట్టుగా నోట్లో వేసుకునేది. ఆ గిన్నె, ఆ చెంచా అటునుంచి అటే తోమే తొట్టిలోకి. మళ్లీ చూడాలంటే మళ్లీ కొత్త చెంచా.

రుచి చూడటం మొదలుపెట్టాక మొదటి వారం వంట పాడైంది. వేడి మీద చూస్తే ఉప్పు తెలియక ఇంకొంచెం వేసేది. డ్రైవర్లలో ఒకడు కంచం పట్టుకొని అరిచాడు: "అక్కా! నాలుక వచ్చింది గాని చెయ్యి పోయింది!"

"నవ్వుర్రి, మంచిగ నవ్వుర్రి. రేపు నీ ఒక్కనికి ఉప్పు లేకుంటనే పెడ్త" అని ఆమె గరిటె ఊపింది. చిన్న గిన్నెలో పప్పును కాస్త ఆరనిచ్చి చూడాలని తనే కనిపెట్టుకుంది. నెల తిరిగేసరికి చెయ్యి, నాలుక రెండూ ఒక మాట మీదికి వచ్చాయి.

2011 ఎండాకాలంలో క్యాంటీన్‌ను వచ్చే నెల నుంచి బయటి కాంట్రాక్టరుకు ఇస్తున్నారని చెప్పారు. వాళ్ల వంటవాళ్లు వాళ్లకుంటారు. ఇక ఆమె పై వంటగదిలోకి ఎక్కాలి, లేకపోతే మళ్లీ గిన్నెల తొట్టి దగ్గరికి దిగాలి. చెఫ్ ఒక అవకాశం ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం అతిథుల బఫేకు దోసకాయ పప్పు ఆమె ఒక్కతే వండాలి. అది చూసి నిర్ణయం.

ఆ రోజు ఆమె మామూలు కంటే రెండు గంటలు ముందే వచ్చింది. దోసకాయల్లో ప్రతిదాన్నీ కోసి, చేదు ఉందేమోనని ముక్క కొరికి చూసింది. ఆ కత్తిని కడిగి మరీ తర్వాతి కాయ కోసిందట. పన్నెండుంబావుకల్లా పప్పు సిద్ధమైంది. పన్నెండున్నరకు బఫే తెరుస్తారు.

పై వంటగదిలో అనుభవం అంతా ఒక మాస్టర్‌ది. నగరంలో పాత హోటళ్లలో ఇరవై ఏళ్లు వండి వచ్చినవాడు, నోరు పెద్దది, మనసు మంచిది. ఆమె గెలవాలని కోరుకున్నవాళ్లలో అతనూ ఒకడు. ఆ ప్రేమతోనే వచ్చి, ఆమె గరిటె అందుకొని, పప్పు తీసి, గరిటె అంచు నుంచే జుర్రి, "శభాష్ చెల్లె!" అంటూ గరిటెను తిరిగి పప్పులో పెట్టేశాడు.

తర్వాత జరిగింది అక్కడున్న కూరగాయలు తరిగే మనిషి నాకు చెప్పింది. ఆమె ఒక నిమిషం గిన్నెలోకి చూస్తూ నిలబడింది. పొయ్యి ఆపింది. గుడ్డతో రెండు చెవులూ పట్టుకొని గిన్నె దింపి పక్కన పెట్టింది.

"ఏంది చెల్లె, టైమవుతున్నది, ఎక్కడ పెడుతున్నవ్?"

"ఇది ఇగ బయటికి పోదన్నా."

"ఎందుకు పోదు? నా నోరు తగిలితే విషమైతదా? ఏం మనిషివి నువ్వు? నా ఎంగిలి నీకు అంటుతదా?" అతని ముఖం ఎర్రబడింది. ఆ మాట వెనక అతను ఏ అవమానాన్ని అనుమానించాడో అక్కడున్న అందరికీ అర్థమైంది.

"నీదే గాదన్నా, నాది గూడ అంటుతది. నేను నాకి పెట్టినా ఇట్లనే దింపుతుంటి. నువ్వు కోపం చేసినా సరే."

ఆ మాట అని నా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కందిపప్పు రెండు కిలోలు, దోసకాయలు కావాలి. చెఫ్ సంతకం లేకుండా నేను గింజ కూడా బయటికి ఇచ్చేవాణ్ణి కాదు. ఆమె ముఖం చూసి కూడా చీటీ ముందుకు తీశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నిమిషం నా మీద నాకే కొంచెం కోపం వస్తుంది. చీటీలో ఒకేరోజు రెండోసారి అడిగితే కారణం రాయాలి.

"ఏం రాయమంటావు?"

"ఎంగిలి పడ్డదని రాయి సారూ. ఎవలు అన్నది రాయకు."

అంతే రాశాను. ఆమె ఆ చీటీ పట్టుకొని నేరుగా చెఫ్ గదికి వెళ్లింది. ఉద్యోగం నిర్ణయించే మనిషి చేతికి, ఆ ఉద్యోగం పోగొట్టే కాగితాన్ని తనే తీసుకెళ్లి ఇచ్చింది. సంతకంతో తిరిగొచ్చి సరుకు తీసుకుపోయింది. అప్పటికే పన్నెండున్నర.

ఆ రోజు బఫేలో ముప్పైఅయిదు నిమిషాలు పప్పు లేదు. సాంబారుతో నెట్టుకొచ్చారు. ఒకరిద్దరు అతిథులు అడిగారట కూడా. రెండోసారి పప్పు వెళ్లాక చెఫ్ వంటగది మధ్యలోకి వచ్చాడు. ఏం జరుగుతుందోనని నేనూ కిటికీ మూసి వెళ్లాను.

"ఎంగిలి చేసింది ఎవరు?" అన్నాడు.

ఆమె, "గిన్నె నాది సార్. నేనే కాపలా ఉండాలె. తప్పు నాదే" అంది.

అప్పుడు మాస్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే సార్. ఇరవై ఏండ్ల అలవాటు. ఆమె చెప్పిందాకా తప్పని ఎవలు చెప్పలే."

చెఫ్ శుభ్రమైన చెంచా అడిగి, పప్పు విడిగా గిన్నెలో పోయించుకొని చూశాడు. "ఉప్పు ఒక్క చిటికె తక్కువైందమ్మా" అన్నాడు.

"అవును సార్. తొందరల చేసిన. నాకూ తెల్సింది."

అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం దాకా ఆమె, అవకాశం పోయిందనే అనుకుంది. ఇంటికి వెళ్లబోయే ముందు పిలిపించి రెండు పనులు ముందు పెట్టాడు. ఒకటి, వంటగదుల శుభ్రత తనిఖీ చేసే పని. చల్లని గది, కుర్చీ, వేడి లేదు, జీతం ఎక్కువ. రెండోది పొయ్యి దగ్గర, అందరికంటే కింది వంటమనిషి. నేనైతే కుర్చీ తీసుకునేవాణ్ణి. ఆమె ఆలోచించడానికి ఒక్క రోజు కూడా అడగలేదు.

"ఎవరి తప్పులో ఎతుక్కుంట తిరుగుడు నాతోని గాదు సార్. నాకు పొయ్యి ఇయ్యుర్రి."

2013లో నేను స్టోర్స్ పని మానేసేనాటికి మధ్యాహ్నపు బఫేలో మన వంటలన్నీ ఆమె చేతి మీదనే నడిచేవి, కింద ముగ్గురు పనిచేసేవాళ్లు. ఆ ముగ్గురిలో ఒకరికి ఆమె మొదటి రోజున గరిటె ఇవ్వక ముందు చెంచాలు ఎక్కడుంటాయో చూపించడం నేను చూశాను. మాస్టర్ కూడా ఆమె ఉన్నప్పుడు చిన్న గిన్నె వాడేవాడు. లేనప్పుడు సంగతి నాకు తెలియదు.

ఆమెకు తెల్లకోటు ఇచ్చింది నేనే. ఆమె పొయ్యి అడిగిన మర్నాడు పొద్దున చెఫ్ చీటీ పంపాడు. భుజాలు సరిగ్గానే ఉన్నాయి గాని చేతులు పొడుగు. మడిచి తొడుక్కుంది. ఇంటికి తీసుకుపోవచ్చునా అని అడిగింది. కోటు హోటల్ దాటి పోకూడదని నియమం. అది చెప్పాను. "మా ఆయన చూస్తుండె" అని మాత్రం అంది.

మధ్యాహ్నం పని మధ్యలో వెనక గేటు దగ్గర ఆమె నిలబడి ఉండటం చూశాను. గేటుకు అవతల మోపెడ్ మీద భర్త. గోదాము నుంచి అన్నం వేళలో వచ్చినట్టున్నాడు. ఆమె ఊచలకు ఇవతలే, గేటు దాటకుండా నిలబడింది. అతను పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"రెండు దిక్కుల గుండీలు ఎందుకే?"

"మీద మరక పడితే అటుదిటు తిప్పి ఏసుకునుడే. మల్ల తెల్లగనే ఉంటది." ఒక పక్క విప్పి, తిప్పి పెట్టి చూపించింది. "ఇగ నువ్వు పో. పొయ్యి మీద చారున్నది."