నా కడుపు మైకులో మాట్లాడిన రోజు

నేనెప్పుడూ పైకి అనని మాట ఒకటుంది. అమ్మతో కూడా అనలేదు. నస్రీన్ అంటే నాకు కుళ్లు. మామూలు కుళ్లు కాదండీ, అది వాట్సాప్‌లో ఫోటో మారిస్తే ఆ పూట నాకు అన్నం సయించనంత కుళ్లు. దాని పుణ్యమా అని మొన్న శనివారం తాడేపల్లిగూడెంలో, నిండు సభలో, నా కడుపు మైకులో మాట్లాడింది. నవ్వకండి. మొదట్నుంచీ చెప్తాను.

నస్రీన్, నేనూ ఇంటర్ దాకా ఒకే బెంచీ. వాళ్ల నాన్నగారు ఏలూరులో టైలరు. ఇంటరయ్యాక అది న్యూట్రిషన్ కోర్సులో చేరింది. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి జిరాక్సు షాపులో డీటీపీకి కుదిరాను. అలాగని చదువు మానలేదు. ఊళ్లో పిల్లల ప్రాజెక్టు రిపోర్టులన్నీ టైపు చేసేది నేనే కదా! మట్టి పరీక్షలు, సోలార్ మోటార్లు, పాముకాటు... టైపు చేస్తూ చేస్తూ అన్నీ నేర్చేసుకున్నాను. సర్టిఫికెట్టొక్కటే తక్కువ.

నస్రీన్ ప్రాజెక్టూ నేనే టైపు చేశాను. పీచు పదార్థం గురించి. "లల్లీ, ఈ పేరా నాకు బుర్రకెక్కట్లేదే, తెలుగులో చెప్పవే" అని నా పక్కనే స్టూలేసుకు కూర్చుంది. చెప్పాను.

"చూడూ, కొన్ని పీచులు మన పొట్టకి అరగవు. అలాగే పెద్దపేగు దాకా వెళ్లిపోతాయి. అక్కడ కోటానుకోట్ల బ్యాక్టీరియా కాచుక్కూర్చుంటాయి. మా నాన్న చెరువులో చేపల్లాగే. ఈ పీచు వాటికి మేత. తిని, పులియబెట్టి, ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలే మన పేగు గోడకి తిండి. ఉల్లి, వెల్లుల్లి, అరటికాయ, చల్లారిన అన్నం... వీటిల్లో మేత బాగా ఉంటుంది."

మా నాన్న కొల్లేటి వైపు చేపల చెరువుల మీద పనిచేస్తారు. తవుడూ నూనెచెక్కా చిల్లులున్న సంచుల్లో నింపి, నీళ్లలో కర్రలకి వేలాడదీస్తారు. చేపలొచ్చి ఆ చిల్లులు పొడుచుకు తింటాయి. అదీ చెప్పాను. నస్రీన్ పడీపడీ నవ్వి, మొత్తం రాసుకుంది.

ఇప్పుడది తాడేపల్లిగూడెంలో డైటీషియను. వీడియోలు కూడా చేస్తుంది. ఆర్నెల్ల కిందట ఒకటి నా ఫోన్లోకొచ్చింది. "మీ కడుపులో ఒక చేపల చెరువుందండీ" అంటోంది! నా చెరువు! మా నాన్న సంచులు! కింద కామెంట్లు: "ఎంత బాగా చెప్పారు మేడమ్!" రెండో నిమిషంలోనే కట్టేశాను. తర్వాత దాని వీడియో ఒక్కటి కూడా చూస్తే ఒట్టు. అంతకు ముందునుంచే అది ఫోన్ చేస్తే ఎత్తకుండా "బిజీ, తర్వాత చేస్తా" అని మెసేజ్ పెట్టేదాన్ని. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

అలాంటిది, గూడెంలో మహిళల సభ, ముఖ్య వక్త నస్రీన్ అంటూ కరపత్రం డిజైనుకి మా షాపుకే వచ్చింది. దాని ఫోటో నేనే కత్తిరించి అతికించాలి! ఒక చెవి కొంచెం కత్తిరించేశాను కూడా. మనసొప్పక మళ్లీ పెట్టేశాను.

అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆ సభకెళ్లాలి, జవాబు రాని ప్రశ్న ఒకటి అడగాలి. ఉత్తినే అడిగితే ఏం బావుంటుంది? "నేను ఆచరిస్తున్నానండీ" అని కూడా అనాలి. ఇంక మూడే రోజులున్నాయి. పొద్దున్నే చద్దన్నంలో రెండు పచ్చి ఉల్లిపాయలు. మధ్యాహ్నం అరటికాయ కూర, వెల్లుల్లి కారం. సాయంత్రం ఆన్‌లైన్లో తెప్పించిన పీచు పొడి. అర చెంచాతో మొదలెట్టమని డబ్బా మీద రాసుంది. అది తెలియనివాళ్లకి కదా! నాకన్నీ తెలుసాయె. మూడు చెంచాలు కలుపుకున్నాను.

"ఏమే, గూడెం మార్కెట్టుకెళ్లే ఉల్లిపాయల లారీ మనింట్లోనే దింపించావా?" అంది అమ్మ ముక్కు మూసుకుని.

శనివారానికి నా పొట్ట వేడి నూనెలో పూరీలా పొంగింది. చుడీదారు పట్టక చీర కట్టాను. పాసింజరెక్కి గూడెం వెళ్లాను. నస్రీన్ స్టేజీ మీంచే నన్ను చూసి, "ఒసేయ్ లల్లీ!" అన్నట్టు చెయ్యూపింది. నేను ఫ్యాను కేసి చూశాను. అది మాట్లాడుతున్నంతసేపూ చప్పట్లే. ఒక్కో చప్పట్టుకీ నా లోపల ఏదో ఒక మెలిక.

"ప్రశ్నలేమైనా ఉన్నాయాండీ?"

లేచాను. వైర్లేని మైకు నా చేతికిచ్చారు. "నమస్కారమండీ. నేను ఇవన్నీ ఆచరిస్తున్నదాన్నేనండీ. పీచు పులిసేటప్పుడు ఏ బ్యాక్టీరియా ఏ ఆమ్లాన్ని ఎంతెంత చేస్తాయో, కాస్త విడమరిచి చెప్తారా?"

నస్రీన్ ఆలోచనలో పడింది. ఆహా, దొరికింది! నేను మర్యాదగా రెండు చేతులా మైకు పట్టుకుని, పొట్ట దగ్గర పెట్టుకుని, వినయంగా నిలబడ్డాను.

గుర్ర్ర్... బుడబుడబుడ... కుయ్య్య్!

నాలుగు స్పీకర్లలోంచీ ఒకేసారి. మైకుసెట్టాయన కంగారుగా పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. "ఎక్కడో లూజు కాంటాక్టండీ!"

నా పక్కన కూర్చున్న మామ్మగారు గట్టిగా అందించారు: "లూజు కాంటాక్టు కాదు బాబూ. ఈ అమ్మాయే."

మళ్లీ బుడబుడ. ఈసారి ఇంకా పొడుగ్గా.

నస్రీన్ నవ్వాపుకుంటూ, "జవాబు నేను చెప్పక్కర్లేదండీ, లోపలున్నవాళ్లే చెప్పేస్తున్నారు" అంది. హాలు హాలంతా గొల్లున నవ్వింది. అది ఇంకా ఏదో చెప్పబోతోంది. వింటే కదా! చీర కుచ్చిళ్లెత్తి పట్టుకుని ఒకటే పరుగు. ఏలూరొచ్చేదాకా రైల్లో నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. ఇంతకన్నా వివరం అడక్కండి.

ఇంటికొచ్చి బ్యాగు తీస్తే, లోపల మైకు! ఆ కంగారులో ఎప్పుడు కుక్కేశానో! ఫోన్లో నస్రీన్ మిస్డ్ కాల్స్ ఆరు. మైకు కోసమేలే అనుకుని, ఫోను బోర్లించి పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న నాన్న చెరువు మీంచి వచ్చారు. రాత్రి నా నోట విన్నదంతా అమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. నాన్న నవ్వలేదు. వాము నీళ్లు నా చేతికిచ్చి అడిగారు: "మేత సంచికి చిల్లులెందుకు పెడతామమ్మా?"

"చేపలు కొంచెం కొంచెంగా తింటాయని."

"సంచి విప్పి మొత్తం ఒక్కసారే కుమ్మరిస్తే?"

"మిగిలింది కుళ్లి, నీళ్లు పాడై, బుడగలొస్తాయి..." అని ఆగిపోయాను. బుడబుడ.

"ఆ నస్రీనమ్మ కూడా అదే చెప్పింది కదమ్మా, వీడియో చివర్లో. నీ పేరూ, నా సంచుల సంగతీ కూడా చెప్పింది. చెరువు మీద అందరం రెండేసిసార్లు చూశాం. నువ్వు చూళ్లేదా?"

చూళ్లేదు. రెండు నిమిషాలు దాటి చూస్తే కదా! గదిలోకెళ్లి తలుపేసుకుని పెట్టాను. ఏడో నిమిషంలో నస్రీన్ అంటోంది: "పీచు నెమ్మదిగా పెంచండి, నీళ్లు బాగా తాగండి, లేకపోతే లోపల గలాటానే! ఈ చేపల చెరువు పోలిక నాది కాదండీ. నా ఫ్రెండు లలితది. వాళ్ల నాన్నగారి మేత సంచుల్ని చూపించి అది చెప్పకపోతే, ఈ పాఠం నాకు ఈ జన్మకి అర్థమయ్యేది కాదు. అదిప్పుడు నా ఫోనెత్తట్లేదు. లల్లీ, ఇది చూస్తే ఫోన్ చెయ్యవే."

ఆర్నెల్లుగా ఆ మాట అక్కడే ఉంది. ఊరంతా విన్నారు, చెరువు మీద కూలీలు విన్నారు. వినందాన్ని నేనొక్కదాన్నే.

మైకు తిరిగివ్వాలి. దానికంటే ముందు, మొదట్లో మీకు చెప్పిన ఆ కుళ్లు మాట నస్రీన్‌కే చెప్పాలి. ఇక ఆలోచించేదేం లేదు, ఫోన్ చేస్తున్నాను. కాకపోతే నంబరు నొక్కేముందు బ్యాగు తెరిచి, ఆ మైకు ఆఫ్‌లోనే ఉందా అని రెండుసార్లు చూసుకున్నాను.