చెంచా వెనక వెండి

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి విశాఖలోని ఆ ఆఫీసుకే వెళ్తే, గుమాస్తా ఫోన్‌లోంచి తలెత్తకుండా "పాత చెంచాల గొడవా? తర్వాత చూద్దాం" అన్నాడు. నా వెనక వచ్చినాయనకు మాత్రం కుర్చీ వేయించాడు. అది నేను మర్చిపోలేదు. అందుకే నేరుగా చెంచాల దగ్గరికే బయల్దేరాను.

గొడవ ఇది. నలభై ఏళ్ల కిందట మా నాన్న హుకుంపేట దారిలో ఒక ఆఫీసర్ల బంగళాలో బట్లరు. ఆ బంగళా అజమాయిషీ ఈ ఆఫీసుదే. దొరల కాలంనాటి వెండిపూత చెంచాలు పన్నెండు ఉండేవక్కడ. ఆరు రోజూ వాడేవి, ఆరు పెద్దవాళ్లొస్తే తీసేవి. రోజూ వాడే ఆరింటి వెనక కోలగా తెల్లటి మచ్చలు తేలాయి. వెండి గీకి అమ్ముకుని తగరంతో అతుకులేశాడని నాన్నను పంపేశారు. రిజిస్టర్లో కూడా అలాగే రాశారు.

నిరుడు పాత సామాన్ల కొట్లో అలాంటి మచ్చల చెంచా ఒకటి కొన్నాను. పూత పని చేసే ముసలాయన మచ్చను ఆకురాయితో రాసి చూశాడు. "తగరం కాదు బాబూ, అచ్చం వెండి. బల్ల మీద చెంచా ఆనేది రెండు చోట్లే, దాని గిన్నె అడుగూ కాడ చివరా. అరిగేదీ అక్కడే. అందుకని తయారుచేసినోడు ముందే అక్కడ వెండి ముక్కలు పొదిగి, పైన మొత్తం పూత పూసేవాడు. చుట్టూ పూత అరిగాకే ముక్క బయటపడుద్ది" అన్నాడు.

ఉదయం ఏడు కాకముందే కిరండోల్ పాసింజరు కదిలింది. లోయలు బాగా కనిపించేది కుడివైపు కిటికీల్లోంచి. నాకు ఎడమవైపు దొరికింది, ఎప్పటిలాగే. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. ప్రతి సొరంగం చివరా మంచు తెల్లగా విచ్చుకునేది. కొండలు నేలకు ఆనకుండా తేలుతున్నట్టున్నాయి. నిద్రో మెలకువో తెలియని ఆ ఊపులో, నాన్న బల్ల మీద చెంచాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

ఎదురుగా పనసతొనల బుట్టతో కూర్చున్న ఆవిడ, నేను చెంచాను తిప్పి తిప్పి చూడటం చాలాసేపు గమనించింది. "ఏటి బాబూ, పెళ్లిసూపుల్లో గుంటని కూడా అన్నిసార్లు తిప్పి సూడరు" అని నవ్వి, ఒక తొన చేతిలో పెట్టింది. "బేగి తిను. దీనికి సెంచా అక్కర్లేదు."

పదకొండుకు అరకు. స్టేషన్ బయట కాఫీ తాగి పాడేరు బస్సెక్కాను. పన్నెండున్నరకు దిగి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటల మధ్య పావుగంట నడిచాను. బంగళా మంచులోంచి కొంచెం కొంచెంగా బయటికొచ్చింది.

నాన్న తర్వాత వంటకు చేరిన సుక్రమ్మ ఇంకా అక్కడే ఉంది. అన్నం, కందిపప్పు పెట్టింది. చెంచాలు అడిగితే చెయ్యి ఆగిపోయింది. నా చెంచా చూపించి, ముసలాయన చెప్పిందంతా చెప్పాను. లోపలికెళ్లి గుడ్డమూట తెచ్చి, వసారాలో పన్నెండూ బోర్లా పరిచింది.

పన్నెండింటికీ మచ్చలున్నాయి. అవే చోట్ల, అదే కోల ఆకారంలో.

"నాను పనికొచ్చినప్పుడు, పెద్దోలకని దాసిన ఈ ఆరూ నున్నగుండేవి బాబూ. రోజూ ఆ ఆరే తియ్యాలనీవోరు. ఎవులు సూడొచ్చారు? పన్నెండూ వాడీసినాను. రోజూ సింతపండు, బూడిదెట్టి తోమితే నా సేతిలోనే ఒక్కోటీ కళ్లు తెరిసినాయి." గొంతు తగ్గించింది. "నన్నూ దొంగంటారని ఇన్నాళ్లూ ఎవులికీ సూపనేదు. బల్ల మీద బోర్లా ఎట్టనే ఎట్టను."

"ఆఫీసువాళ్లకు ఇదే చెప్తావా?"

"రమ్మను. సింతపండు నానిస్తాను. ఆల్లనే తోమమను" అంది.

మూడు దాటాక తిరుగు బస్సు, తర్వాత ఆలస్యంగా వచ్చిన రైలు. ఈసారి లోయల వైపే కిటికీ దొరికింది. చివరి ఎండలో కొండల అంచులు అక్కడక్కడ తెల్లగా మెరిసి, మళ్లీ మంచులో కలిసిపోయాయి. నాన్నతో కలిసి చూస్తున్నట్టే ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు బంగళాలో భోజనం చేస్తే, చెంచా ఒకసారి తిప్పి చూడండి.

ఆఫీసువారూ, ఇది నా నాలుగో ఉత్తరం అనుకోండి. నాన్న వెళ్లిపోయాక ఆ మిగతా ఆరు చెంచాలకు అతుకులు వేసిందెవరు? చెప్పలేకపోతే రిజిస్టర్లో ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టండి. నేను చూడటానికి వస్తాను. ఈసారి కుర్చీ నేనే తెచ్చుకుంటాను.