నిఖా రోజు మూట్ కోర్టు

2021, కార్తీక మాసం. కరోనా సెలవుల తర్వాత వనపర్తిలో మా చిన్న లా కాలేజీ మళ్లీ తెరిచిన ఏడాది. నేనక్కడ సివిల్ ప్రొసీజర్ పాఠం చెప్తాను. మూట్ కోర్టు బాధ్యత కూడా నాదే. మూట్ కోర్టు అంటే విద్యార్థులే లాయర్లుగా నిలబడి కల్పిత కేసును వాదించే నమూనా కోర్టు. ఫైనలియర్ వాళ్లకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, అంటే యూనివర్సిటీ పంపే బయటి పరీక్షకుడు, జడ్జి స్థానంలో కూర్చుని వింటారు. అది తప్పితే డిగ్రీ చేతికి రాదు.

కాలేజీ తెరిచామన్న మాటే గానీ తెరవడానికి తలుపులు మావి కావు. సెలవుల్లో అద్దె భవనం చేజారింది. కొందరు లెక్చరర్లు వేరే దారి చూసుకున్నారు, కొందరు విద్యార్థులు ఫోనెత్తడం మానేశారు. ప్రిన్సిపాల్ సారు ఊరంతా తిరిగి చివరికి ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. పెళ్లి ఉన్న రోజు క్లాసులు ఉండకూడదన్నది షరతు. అందుకని మా టైంటేబుల్ పంచాంగం చూసి వేసేవాళ్లం. ముహూర్తాలుంటే సెలవు, మూఢం వస్తే మాకు పండగ. ఆ ఏడాది మా స్టాఫ్ రూములో సివిల్ ప్రొసీజర్ కోడ్ కంటే పంచాంగమే ఎక్కువ నలిగింది.

మూట్ కోర్టుకు కూడా అలాగే ముహూర్తం లేని రోజు చూసి యూనివర్సిటీకి రాసి పంపాం. తీరా వారం ముందు హాలు మేనేజరు, ఆ రోజు వీపనగండ్ల వాళ్ల నిఖా ఉందని చల్లగా చెప్పాడు. నిఖాకు మన పంచాంగంతో పనేముంది? ఇంతమందిమి లా చదివినవాళ్లం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఆ తేదీ పోతే ఎగ్జామినరుకు మళ్లీ ఎప్పుడు వీలవుతుందో యూనివర్సిటీ కూడా చెప్పలేకపోయింది.

అందరికంటే ఎక్కువ బెంగపడింది నాగమణి. ఆమెది కోడేరు. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగ్ పనికి వలసపోయారు. సెలవుల్లో తనూ వెళ్లి ఇటుకలు మోసి వచ్చేది. డిగ్రీ రాగానే జూనియర్‌గా చేర్చుకుంటానని నాగర్‌కర్నూల్‌లో ఒక లాయరమ్మ మాటిచ్చింది, ఎక్కువ రోజులు ఆగలేనని కూడా చెప్పింది.

"ఈ ఏడు తప్పితే నేను గూడ మా అమ్మోళ్ల ఎంబడి పుణె పోవుడే మేడం. మల్ల సదువు ముచ్చటుండదు," అంది నాగమణి.

నాకు ఇంకో భయం కూడా ఉంది. ఆ పిల్లకు పాయింట్లన్నీ నోటికొచ్చు, కానీ గొంతు పెగలదు. ప్రాక్టీసులో ముందు వరుసకే వినపడేది కాదు.

ప్రిన్సిపాల్ సారు, నేను వీపనగండ్ల వెళ్లాం. పెళ్లికూతురి తండ్రి ఖాజా మియాది ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ మా మాట విన్నాడు.

"నిఖా మాపటికి ఉంది మేడం. డెకరేషనోళ్లను జర జరగమంటే సరిపాయె. పొద్దుగాల మీ కోర్టు పెట్టుకోండ్రి. గింత దానికి గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. చాయ్ తాగనిదే మమ్మల్ని కదలనివ్వలేదు.

ఆ రోజు స్టేజీ మీద పూల తెరలు కట్టి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు వరుడి ఎర్ర సోఫా వైపు చూసి, "నేను ఇక్కడ కూర్చోవాలా?" అన్నారు. అవునని మా సారు నసిగారు. ఎగ్జామినర్ గారు మల్లెదండలు ఒక చేత్తో పక్కకు జరుపుకుని కూర్చున్నారు.

వెనక వంట చేసే బావర్చీలు గిన్నెలు దించుతున్నారు. తొందరగా వచ్చిన చుట్టాలు కాలక్షేపానికి చివరి కుర్చీల్లో చేరారు. నాగమణి వంతు వచ్చింది. రిజర్వాయరు కింద భూమి పోయిన రైతు తరఫున వాదించాలి. ఊరందరికీ తెలిసేలా చెప్పాల్సిన నోటీసును అధికారులు ఆఫీసు గోడకు అంటించి ఊరుకున్నారన్నది ఆమె పాయింటు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎగ్జామినర్ గారు పెన్ను కింద పెట్టేశారు.

అప్పుడు చివరి వరుసలోంచి పెళ్లికూతురి దాదీ, అంటే నాయనమ్మ, అంది, "బిడ్డా, జర గట్టిగ చెప్పు. మాకు గూడ ఇనవడాలె గద."

ఎవరో నవ్వారు. నాగమణి వెనక్కి తిరిగి ఆమెను చూసింది. తర్వాత మొదలుపెట్టిన గొంతు నేనెప్పుడూ విననిది, నాలుగో అంతస్తు మీదున్న మేస్త్రీని కిందినుంచి పిలిచే గొంతు.

"ఆ నోటీసు గోడకు ఇనిపించిన్రు మై లార్డ్, ఊరికి ఇనిపియ్యలే."

బావర్చీలు కూడా గిన్నెలు ఆపి విన్నారు. ఎగ్జామినర్ గారు పెన్ను మళ్లీ తీసుకున్నారు.

అయిపోయాక దాదీ ఆమె చెయ్యి పట్టుకుని, "మరి ఆ రైతుకు న్యాయం దొరికెనా?" అని అడిగింది.

"అది ఉత్తుత్తి కేసు దాదీ."

"ఉత్తుత్తి దానికే గిట్ల కొట్లాడితివి. నిజం కేసొస్తే ఎట్లుంటవో."

సాయంత్రం మా విద్యార్థులు ఒక్కరూ ఇంటికి పోలేదు. నల్లకోట్లు తీసి కుర్చీలకు తగిలించి, పెళ్లివాళ్లకు బిర్యానీ వడ్డించారు. ముక్కలైపోయిందనుకున్న మా కాలేజీని మళ్లీ ఒక్కచోట చూసింది ఆ పంక్తిలోనే. నాగమణి పాసైంది. మరుసటేడు ఖాజా మియా చిన్న కూతురు షాహీన్ మా దగ్గరే చేరింది.

ఇప్పుడు బిజినేపల్లి రోడ్డులో మాకు సొంత గదులున్నాయి, పంచాంగంతో పని లేదు. కానీ మూట్ కోర్టు రోజు తలుపులు తెరిచే ఉంచుతాం. చివరి వరుస బయటివాళ్లది. వినపడకపోతే చెయ్యెత్తే హక్కు వాళ్లకుంది. వాదన జడ్జికే కాదు, చివరి కుర్చీకీ చేరాలన్న పాఠం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, దాదీ చెప్పింది. తమ ఇంటి శుభకార్యంలో మాకు చోటిచ్చిన ఆ కుటుంబానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మొన్న నాగర్‌కర్నూల్ కోర్టు నుంచి నాగమణి ఫోన్ చేసింది.

"మేడం, ఇయ్యాల జడ్జిగారు నన్ను జర మెల్లగ మాట్లాడమన్నరు. దాదీకి చెప్పుండ్రి."