రాజోలు దాకా వెళ్ళి అందుకున్న రొట్టె

శనివారం ఉదయం ఆరుంబావుకు మండపేటలో రావులపాలెం బస్సెక్కాను. రాజోలు పక్క పల్లెలో ఉన్న మా అక్క దగ్గరికి ప్రయాణం.

ఎనిమిది నెలల కిందట అమ్మ జ్ఞాపకార్థ కూడికలో, బంధువులంతా భోజనాలు చేస్తుండగా, "నువ్వు సరిగా చూసుంటే అమ్మ ఇంకొన్నాళ్ళు బతికేది" అన్నాను అక్కతో. వడ్డిస్తున్న అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మరుసటి నెల మొదటి ఆదివారం మా చర్చిలో, యేసు శరీరానికి గుర్తుగా నెలనెలా పంచే రొట్టె పళ్ళెం నా ముందుకొస్తే పక్కవాళ్ళకు పంపేశాను. అప్పటినుంచి ప్రభువు బల్లలో చెయ్యి వేయలేదు. బడికి పోని నాకు అమ్మే బైబిలు ఒళ్ళో పెట్టి చదవడం నేర్పింది. అయోగ్యంగా ఆ రొట్టె ముట్టకూడదనీ ఆవిడే నేర్పింది. రేపు మళ్ళీ మొదటి ఆదివారం. ఈలోగా అక్కను క్షమాపణ అడిగి, నన్ను నేను సరిచేసుకుని, అప్పుడు చెయ్యి చాపాలని నా ఆలోచన.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం. ఊరికే కూర్చోవడం ఏదోలా అనిపించి సీటు అంచున ఒదిగాను. అరటి మార్కెట్టుకు వెళ్తున్న పక్కావిడ నవ్వింది. "అలా అంచున కూచున్నారేంటండీ? మిమ్మల్నెవరూ దింపేయరండి, వెనక్కి జారండి." జారాను గాని, రావులపాలెంలో అమలాపురం బస్సు మారాక కూడా కొత్తపేట దాటేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను.

అమలాపురం చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. అక్కణ్ణుంచి ఆటోలో బండారులంక వెళ్ళి ఒక నేతగారింట్లో చీరలు చూశాను. ఏది చూసినా నేనన్న మాటకు సరిపోదనిపించేది. గంట గడిచాక ఆ ఇంటావిడ ఎవరికని అడిగింది. మా అక్కకని చెప్పాను.

"అక్కగారికైతే ఇంత ఆలోచనెందుకండీ? ఏది పట్టుకెళ్ళినా కట్టుకుంటారు."

ఆకుపచ్చ అంచున్న తేనెరంగు చీర తీసుకున్నాను. పదింబావుకు బస్సు దొరికింది. అంబాజీపేటలో దిగి, ఇడ్లీ పిండిని పనసాకు బుట్టల్లో పోసి ఉడికించిన పొట్టిక్కలు రెండు తిన్నాను. ఈ దారిన వచ్చేవారు అవి తినకుండా పోకూడదు. ఆ రోజు మాత్రం నాకు రుచి తెలియలేదు. తర్వాతి బస్సు గన్నవరం అక్విడక్టు వంతెన దాటుతుంటే, కింద గోదావరి పాయను చూడకుండా, అక్కతో అనాల్సిన మాటలు లోలోపలే దిద్దుకుంటున్నాను.

పన్నెండున్నరకు అక్క ఇల్లు చేరాను. మర్నాటి బల్లకు రొట్టె సిద్ధం చేసే వంతు అక్కది. పీట ముందు కూర్చుని, అంచులు తీసి చిన్న ముక్కలు కోస్తోంది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, దిద్దుకున్నదంతా గబగబా చెప్పేశాను. అక్క అంతా విని కత్తి పక్కన పెట్టింది.

"తగిలిందే. చాన్నాళ్ళు తగిలింది. తల్చుకుని తల్చుకుని ఏడ్చేను. తర్వాత వదిలేసేను. నువ్వొచ్చి అడగాలని ఎదురుచూడలేదు."

నేను చీర తీశాను. అక్క అంచు తడిమి చూసింది. "బాగుంది, ఉంచుకుంటాను. దీనికీ దానికీ లంకె పెట్టకు."

అంతటితో మనసు నెమ్మదించాలి కదా. నెమ్మదించలేదు. గిన్నెలు తోమాను, పెరడు ఊడ్చాను, నూతిగట్టు కడిగాను. "ఏమే, మీ చెల్లెలు గట్టు అరగదీసేలా ఉంది" అని బావగారు అక్కను కేకేశారు. నవ్వానే గాని చీపురు వదల్లేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకు ముసుగులు వేసుకుని అక్కవాళ్ళ చర్చిలో చాప మీద పక్కపక్కన కూర్చున్నాం. పళ్ళెం వరస వెంట వస్తోంది. అనుకున్నవన్నీ చేశాను, ఇక అందుకోవచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరెవరినో అన్న మాటలు, అమ్మను విసుక్కున్న రోజులు ఒక్కసారిగా పైకి లేచాయి. చెయ్యి లేవలేదు. పళ్ళెం అక్క చేతిలో పెట్టేశాను.

అక్క రొట్టె తీసుకోలేదు. పళ్ళెం పక్కకూ పంపలేదు. ఒళ్ళో పట్టుకుని, ముసుగులోంచి నాకు మాత్రం వినపడేలా అంది.

"ఆయన రక్తానికి పోని పాపమా నీది? అంత గొప్పదానివా?"

 ఎనిమిది నెలలుగా నన్ను నేను తగ్గించుకుంటున్నాననుకున్నాను. ఆయన ఇస్తున్నదాన్ని వద్దంటున్నానని ఒక్కనాడూ తోచలేదు. వరసంతా మా కోసం ఆగి ఉంది. సరిచేసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు, వ్యవధీ లేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే చెయ్యి చాపి ముక్క తీసుకున్నాను. అప్పుడు అక్క తీసుకుంది.

మధ్యాహ్నం మూడింటికి రాజోలులో అమలాపురం బస్సెక్కాను. అక్కడ బస్సు మారి, రావులపాలెం చేరేసరికి ఆరవుతోంది. నెమ్మది దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను గాని, దారి పొడవునా తీసుకున్నదానికి బదులుగా ఏం చెయ్యాలి అని మనసు వెతుక్కుంటూనే ఉంది.

ప్రార్థన చేసిన ప్రతిసారీ ఉపవాసమో, కానుకో, ఏదో ఒక మాట ఇచ్చి లేవడం నా అలవాటు. మండపేట బస్సు గౌతమి వంతెన మీద ఉండగా తల వంచాను. మాట ఇవ్వబోయి ఆగాను. "తండ్రీ, తీసుకున్నాను. స్తోత్రం" అని మాత్రం అన్నాను. ప్రార్థన అంత చిన్నదయ్యేసరికి కంగారు పుట్టింది. ఇంకేమైనా చేర్చాలా అని పెదవులు కదిలాయి. ఏమీ చేర్చకుండా ఆమేన్ అన్నాను.