కదిలితేనే వెలిగే దీపం

లైట్లు ఆర్పించడం నా ఉద్యోగం. ఈ మాట అంటే మా అత్తమ్మ ఊరుకునేది కాదు. "దీపం ఆరిపోయిందని అనొద్దు బిడ్డా, కొండెక్కిందనాలె" అని దిద్దేది. ఆవిడ లెక్కలో ట్యూబ్‌లైటు కూడా దీపమే. సంధ్యవేళ లైటు వెలగగానే చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి, దానికి దండం పెట్టి, ఆ చేతులు కళ్లకద్దుకునేది. కోస్తా నుంచి కోడలిగా వచ్చిన నేనూ చిన్నప్పుడు అదే చేసేదాన్ని. ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

కరెంటు పొదుపుగా వాడే భవనాలకు గ్రీన్ సర్టిఫికెట్ ఇస్తారు. అలాంటి వాటిలో ఏ లైటు ఎక్కడ, ఎంతసేపు వెలగాలో తేల్చేది నేను. గదిలో కదలిక ఉంటే లైటు వెలిగించి, లేకపోతే తీసేసే సెన్సర్లు మేం అప్పుడప్పుడే వాడడం మొదలుపెట్టాం. ఒకటి ముందు ఇంట్లో పెట్టి చూద్దామని, మారేడ్‌పల్లిలో మా అత్తమ్మ గది కప్పుకు బిగించాను. మా ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉండే గది అదే.

అక్కడే వచ్చింది చిక్కు. సాయంత్రం కుర్చీలో కూర్చుని రేడియో పెట్టుకుందంటే అత్తమ్మ ఇక కదలదు. సెన్సరుకు ఆవిడ లేనట్టే లెక్క. లైటు టప్పున పోయేది. ఆవిడ చెయ్యి పైకెత్తి కప్పు మీద కేకలేసేది: "ఉన్ననే! ఇంక పోలే! జెర ఆగరాదు?" లైటు వచ్చేది. వచ్చింది కాబట్టి మళ్లీ దండం. కాసేపటికి మళ్లీ చీకటి, మళ్లీ చెయ్యి, మళ్లీ దండం. వంటింట్లో నాకు నవ్వాగేది కాదు.

"గిదేం లైటు బుగ్గనే? మనిషి ఉన్నదో లేదో దానికి నేనే చెప్పాల్నా?"

"కరెంటు ఆదా అత్తమ్మా."

"నీ ఆదా సల్లగుండ! ముసల్దానితోని కసరత్ చేపిస్తున్నవ్."

తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఉండనీ. నేను ఉన్ననా లేనా అని దినాం అడిగేటిది అదొక్కటన్న ఉన్నది" అని నా వైపు ఓరగా చూసింది. దెబ్బ నాకే. ఆ మర్నాటి నుంచి ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలోంచే "అత్తమ్మా, ఉన్నారా?" అని అరిచేదాన్ని. "ఉన్న, ఇంక పోలే" అని లోపల్నుంచి జవాబొచ్చేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. అదే మా పలకరింపైపోయింది.

నిరుడు వానాకాలంలో అత్తమ్మ పోయింది. ఆవిడ గదిలో సెన్సరు మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆ పిలుపు గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ జవాబు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

ఈ మధ్య తిరుమలగిరి దగ్గర ఒక ఆఫీసు భవనం పని పట్టాం. అందులో పసిబిడ్డల తల్లుల కోసం కిటికీ లేని చిన్న గది ఉంది. కదలిక ఆగిన ఐదు నిమిషాలకే లైటు పోయేలా పెట్టాలని బిల్డరు తరఫు కుర్రాడు పట్టుబట్టాడు. ఎంత ఆదా చూపిస్తే సర్టిఫికెట్టుకు అంత మంచిదట. నాకు ఒళ్లు మండింది.

"పాలు తాగుతూ బిడ్డ నిద్రపోతే తల్లి ఊపిరి కూడా మెల్లగా తీస్తుంది బాబూ. చీకట్లో చెయ్యి ఊపుతూ కూర్చోమంటావా?"

"ఊకే పరేషాన్ అయితున్నరు మేడం. గంతసేపు కదలకుంట ఎవరు కూసుంటరు?"

"మా అత్తమ్మ కూర్చుంటారు" అన్నాను. అన్నాక గానీ ఆవిడ ఇక లేదని గుర్తు రాలేదు.

సరే, అతని ఐదు నిమిషాలే పెట్టి పరీక్ష చేశాం. ఒకరు లోపల కదలకుండా కూర్చుని, లైటు పోయాక కదిలి, మళ్లీ వస్తుందో లేదో చూడాలి. నేనే కూర్చున్నాను. తలుపు వేసి అతను బయట నిలబడ్డాడు. కాసేపటికి లైటు పోయింది. అంత చీకటిలో మనిషి ఉన్నా లేనట్టే ఉంటుందని అప్పుడు తెలిసింది. రేడియో పక్కన ఆవిడ ఎలా కూర్చునేదో అలాగే ఉండిపోయాను.

"మేడం, ఉన్నరా?" బయటి నుంచి అతని గొంతు.

చెయ్యెత్తాను. లైటు వచ్చింది. "ఉన్న, ఇంక పోలే" అన్నాను. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. తలుపు తీసిన కుర్రాడు నన్నూ, నా కళ్లనూ చూసి, "టైం పెంచుదాం మేడం" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అరిచాను. "అత్తమ్మా, ఉన్నారా?"

లోపల అత్తమ్మ గదిలో లైటు వెలగలేదు.