దీపాల వేళ తీసిన గీత

మా మేనత్తకు పత్తర్‌గట్టిలో జాకెట్ ముక్కల దుకాణం ఉంది. తెలుగులో పలకరించి, ఉర్దూలో బేరమాడి, అవసరమైతే రెండింట్లోనూ దెబ్బలాడి సరుకు అంటగడుతుంది. నిరుడు ఒకరోజు నీళ్లడగబోయి కత్తెర అడిగింది. కొద్దిరోజులకే సగం మాటలు దొరక్కుండా పోయాయి. స్కానింగులో, మాటను నడిపే చోటికి ఆనుకుని కణితి కనిపించింది.

నా ఉద్యోగమే కణుతులతో. ఆపరేషన్‌లో తీసిన బియ్యపుగింజంత ముక్క మీద లేజర్ కాంతి వేస్తాం. తిరిగొచ్చే కాంతిని యంత్రం ఎగుడుదిగుడు గీతగా చూపిస్తుంది. ఒక్కో రకం కణితిది ఒక్కో తీరు గీత. అలాంటివి ఎన్నో చూపించి మేము నేర్పిన ప్రోగ్రాం నిమిషాల్లో రకం చెబుతుంది. లింఫోమా అయితే మందులకు కరుగుతుంది, ఇంక కోయనక్కర్లేదు. గ్లయోమా అయితే వీలైనంత కోయాలి. ఇంకాస్త కోస్తే అత్తకు మాట పడిపోవచ్చు. మైక్రోస్కోపు చూసే డాక్టరమ్మతో పాటు మా యంత్రం కూడా లింఫోమా అంటేనే ఆగుతానని సర్జన్ ముందే చెప్పాడు.

సొంత మనిషి కేసులో కూర్చోవద్దన్నాడు మా ల్యాబు సారు. ఆ యంత్రం నాకంటే బాగా తెలిసినవాళ్లను చూపించమన్నాను. అయితే తానూ పక్కన ఉంటానన్నాడు.

ఆపరేషన్ రోజు ముక్క వచ్చేసరికి సాయంత్రమైంది. థియేటర్ పక్కగదిలో లైట్లార్పి పని మొదలుపెట్టాను. గీత పూర్తవుతుండగా గదంతా భళ్లున తెల్లబడింది. వెనక్కి తిరిగితే స్విచ్చు మీద చెయ్యితో బాపు, మా నాన్న.

"దీపాల యాళ్ల చీకట్ల కూసుంటరా బిడ్డా? లోపల అక్క ఉండంగ?" అన్నాడు.

ఒంటికాలి మీద లేచాను. లైటు తీసేసి, ఆయన్ను బయటికి పంపి తెర చూస్తే గ్లయోమా అని పడింది. డాక్టరమ్మ మాత్రం అప్పటికే లింఫోమా అని చెప్పేసిందట.

"పడ్డది చెప్పెయ్ ఇగ. వాళ్లు ఆగి ఉన్నరు," అన్నాడు సారు.

"గా రెండు సూదుల్లెక్క లేచినవి చూడుండ్రి సార్. గవి కణితివి కావు, ట్యూబులైటువి. మల్ల తీస్తా."

"అత్త అని నీకు గట్ల కనిపిస్తున్నదేమో."

"అత్తయినా మంత్రి అయినా ట్యూబులైటు ట్యూబులైటే సార్."

మేము ఆ ప్రోగ్రాంకు నేర్పిందంతా చీకట్లో తీసిన గీతలతోనే. అందుకే అది తడబడింది, అందులో నాకు అనుమానమే లేదు. చీకట్లో మళ్లీ తీశాను. సూదులు మాయమయ్యాయి. లింఫోమా అని పడింది. సారే ఫోన్ తీసి థియేటర్‌కు చెప్పాడు. సర్జన్ అక్కడితో ఆపేశాడు.

మర్నాడు అత్త కళ్లు తెరిచేసరికి బాపు మంచం పక్కన తల వంచుకుని ఉన్నాడు. తాను వేసిన లైటుకు అక్క మాట పోయిందేమోనన్న భయం ఆయన్ను వదల్లేదు. నేనెంత చెప్పినా వినలేదు. అత్త ఆయన వైపు తల తిప్పింది.

"ఏందిరా తమ్మీ, గట్ల నిలబడ్డవ్? బువ్వ తిన్నవా?" అంది, నెమ్మదిగా.

బాపు అక్క చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఏడుస్తూనే నేను చెప్పాను, "తినలే అత్తా, ఇద్దరం తినలే."